కోటేశ్వరుడి గుడి నుంచి శ్రీకూర్మం దాకా: యాత్రలో మొదటి రోజు ఎలా నడవాలి

మా శ్రీకాకుళం జిల్లాలో పెద్దవాళ్ళు మూడు క్షేత్రాల పేర్లు ఒకే గుక్కలో చెబుతారు: అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం. సూర్యుడు, విష్ణువు, శివుడు. కారు కట్టించుకుంటే మూడూ ఒక్క రోజులో చూసి రాత్రికి ఇంటికి చేరవచ్చు. కాలినడకన అయితే నాలుగు రోజుల యాత్ర. ఈ దారిలో నడిచేవాళ్ళ కోసం ఎవరూ గుర్తుల పలకలు నాటలేదు. మామూలు ఊళ్ళ రోడ్లు, పొలాల పక్క దారులే ఉంటాయి. అందుకే ఎలా నడవాలో కాస్త వివరంగా చెప్పాల్సిన అవసరం ఉంది.

ఇక్కడ చెప్పేది ఆ యాత్రలో మొదటి రోజు గురించి. శ్రీకాకుళం పట్నంలో నాగావళి ఒడ్డున ఉన్న ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి దగ్గర మొదలై, అరసవల్లి మీదుగా శ్రీకూర్మం చేరే నడక. మొత్తం 15 కిలోమీటర్ల పైచిలుకు. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచినవాళ్ళకు ఇది చిన్న దూరంగా కనిపిస్తుంది. కానీ ఆ రాత్రి లక్షల మంది మన పక్కన నడుస్తారు, అడుగడుగునా మజ్జిగో పులిహోరో చేతిలో పెడతారు, మర్నాడు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఇక్కడ మనతో వచ్చేది మన సంచి, మన నీళ్ళ సీసానే. పైగా మర్నాడు మళ్ళీ నడవాలి. కాబట్టి ఈ రోజు చేసే ప్రతి పనికీ నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఇలా చేస్తే రేపు పొద్దున చెప్పులు వేసుకుని మళ్ళీ దారి పట్టగలమా?

ఎప్పుడు నడవాలి

కార్తీకం సగం దాటిన దగ్గర నుంచి మాఘం చివరి దాకా మంచి కాలం. అంటే నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు మొదటి వారాల్లో పగటి ఎండ తగ్గినా తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేశాయో ఉత్తరాంధ్రలో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. ఆ నెలల్లో బయలుదేరేముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడాల్సిందే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే వాయిదా వేయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ దారి నేను ఎవరికీ చెప్పను. ఎండ ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఆరకుండా కారిపోతూ ఉంటే ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది.

రథసప్తమి నాడు అరసవల్లికి నడిచి వెళ్ళాలని చాలామందికి ఉంటుంది. ఆ రోజు స్వామిని చూడటం గొప్ప విషయమే. అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం మొదలవుతుంది, జనం కూడా అప్పటి నుంచే నిండిపోతారు. కానీ క్యూలో గంటల తరబడి నిలబడటం నడక కంటే ఎక్కువ అలసట. ఆ రోజు దర్శనానికే కేటాయించుకుని, నడక ఇంకో రోజు పెట్టుకోండి. మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే రోజుల్లో కూడా ఇదే సంగతి. ఇక ఆదివారం సూర్యుడి వారం కాబట్టి అరసవల్లిలో ఎప్పుడూ రద్దీయే. మంగళవారమో బుధవారమో బయలుదేరితే అరగంటలో దర్శనం ముగించుకుని రోడ్డెక్కవచ్చు.

ఆదివారానికి ఇంకో చిక్కు ఉంది. సూర్యుడి కోసం ఆ రోజు ఉప్పు తినని ఇళ్ళు మా దగ్గర చాలా ఉన్నాయి. ఉప్పు లేని తిండితో ఇంట్లో ఉండటం వేరు, చెమటలు కారుతూ 15 కిలోమీటర్లు నడవటం వేరు. కొబ్బరినీళ్ళు తాగితే సరిపోతుందనుకుంటారు. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, చెమటలో పోయే సోడియం మాత్రం తక్కువే. ఆ నియమం ఉన్నవాళ్ళు ఆదివారం నడక పెట్టుకోకపోవడమే మేలు.

నెల రోజుల ముందు

రోజూ పొలం పనికి వెళ్ళేవాళ్ళకు ఈ భాగం అక్కర్లేదు. ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్ళకు మాత్రం నెల రోజుల అలవాటు కావాలి. మొదటి వారం రోజూ 4 కిలోమీటర్లు, రెండో వారం 6, మూడో వారం రోజు విడిచి రోజు 8, నాలుగో వారంలో ఒక్కసారి 12. ఆ 12 కిలోమీటర్లు నడిచిన మర్నాడు కూడా 5 కిలోమీటర్లు నడిచి చూడండి. మోకాళ్ళు, మడమలు ఏం చెబుతాయో ఆ రెండో రోజే తెలుస్తుంది. అలవాటు చేసుకునే నడకలన్నీ యాత్రలో వేసుకోబోయే చెప్పులతోనే, భుజాన వేసుకోబోయే సంచితోనే నడవాలి. యాత్ర కోసమని కొత్త బూట్లు కొని, పెట్టె తెరిచి ఆ రోజే వేసుకునేవాళ్ళు ఆరేడు కిలోమీటర్ల దగ్గర ఆటో కోసం చూస్తూ ఉంటారు.

షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుతో ఒకసారి మాట్లాడి తీరాలి. షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఏ వేళకు, ఎంత తిన్నాక, నడక రోజు మోతాదు మార్చాలా వద్దా అని సూటిగా అడగండి. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని మూత్రంగా బయటకు పంపుతాయి. ఎండలో నడిచే రోజు వాటి సంగతేమిటో కూడా అడగాలి.

చెప్పులు లేకుండా నడవాలా? మాల వేసుకున్నవాళ్ళూ మొక్కు ఉన్నవాళ్ళూ అలాగే నడుస్తారు, ఆ భక్తిని నేను ప్రశ్నించను. అయితే షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వట్టి కాళ్ళతో అస్సలు నడవకూడదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చిన్న పుండు కాలు తీసేసే దాకా వెళ్తుంది. మిగతావాళ్ళు కనీసం రెండు వారాలు ఇంటి చుట్టుపక్కల మట్టి దారిలో వట్టి కాళ్ళతో తిరిగి అరికాళ్ళు గట్టిపడనివ్వండి. తొమ్మిది దాటాక తారు రోడ్డు కాలుతుంది, అప్పటికి పక్కనున్న మట్టి అంచుకు దిగిపోవాలి. ఆ మట్టిలో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఉంటాయి, చూసి అడుగు వేయాలి. చెప్పులు సంచిలో ఉంచుకోవడం వల్ల మొక్కుకు ఏ లోటూ రాదు.

గోళ్ళు మూడు నాలుగు రోజుల ముందే తీసుకోండి. ముందురోజు రాత్రి మరీ లోపలికి తీసుకుంటే నడకలో వేలి చివర ఒరుసుకుని నొప్పి పుడుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి

నీళ్ళతో కలిపి నాలుగు కిలోలు దాటకూడదు. లీటరు సీసాలు రెండు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మూడు. ఒక జత పొడి బట్టలు, రెండు జతల సాక్సులు, పెద్ద తువ్వాలు. టార్చి, టోపీ, చిన్న సబ్బు. మందుల షాపులో దొరికే కాగితపు ప్లాస్టరు ఒక చుట్ట, కొంచెం దూది, గాయాలకు రాసే మందు, వాజిలిన్ డబ్బీ. రోజూ వేసుకునే మాత్రలు, వాటి చీటీ. ఆధార్ కాపీ, చిల్లర డబ్బులు, ఛార్జి నిండా ఉన్న ఫోను. తినడానికి వేయించిన వేరుశనగ గుళ్ళు, బెల్లం ముక్కలు, రెండు అరటిపళ్ళు. ఇంతే. పూజ సామాను మోయకండి, కొబ్బరికాయా పూలూ గుడి దగ్గరే దొరుకుతాయి.

బట్టలు వదులుగా ఉన్న నూలువి. మగవాళ్ళు పంచె కట్టుకుంటే లోపల తొడల సగం దాకా వచ్చే నూలు డ్రాయరు తప్పనిసరి. నడకను మధ్యలో ఆపేసే కారణాల్లో బొబ్బల తర్వాత తొడల ఒరిపిడిదే స్థానం, సిగ్గుతో ఎవరూ పైకి చెప్పరు. ఆడవాళ్ళకు చీర కంటే చుడీదారు సులువు. చీరే కట్టుకోవాలనుకుంటే చీలమండ పైకి కట్టుకుని, లోపల లెగ్గింగు వేసుకోండి. బయలుదేరేముందు తొడల మధ్య, చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ పల్చగా రాసుకోవాలి.

కోటేశ్వరుడి దగ్గర మొదలు

దూరప్రాంతాల నుంచి రైల్లో వచ్చేవాళ్ళకు ఒక మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషను పట్నంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్నానికి బస్సులో గానీ ఆటోలో గానీ 13 కిలోమీటర్లు రావాలి. ముందురోజు సాయంత్రానికే వచ్చి పడుకోండి. రాత్రి ప్రయాణం చేసి తెల్లవారుజామున దిగి నేరుగా నడక మొదలుపెట్టకూడదు.

చలికాలంలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఐదింటికల్లా నాగావళి ఒడ్డున గుడి వీధిలో ఉండాలి. నాగావళిని బలరాముడు నాగలితో తెచ్చాడనీ, ఆ నది పొడవునా అయిదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం. రాయగడ దగ్గరి పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్ళేపల్లి. వాటిలో నాలుగోది ఈ కోటేశ్వరుడు.

నడక ఇక్కడే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. ఇంద్రుడు వేళ కాని వేళ కోటేశ్వరుడి దర్శనానికి వచ్చి, వద్దన్నా వినకుండా లోపలికి వెళ్ళబోతే నందీశ్వరుడు కాలితో తన్నాడట. ఇంద్రుడు ఎగిరి దూరంగా పడి స్పృహ తప్పాడు. పడినచోట సూర్యుణ్ణి తలచుకుని, వజ్రాయుధంతో నేల తవ్వితే విగ్రహం దొరికింది, తవ్విన చోటే ఇంద్రపుష్కరిణి అయింది. ఆ చోటే అరసవల్లి. అంటే మొదటి మూడు కిలోమీటర్లు మనం ఆ కథ దారిలోనే నడుస్తాం. యాత్రికుడికి ఆ కథలో పనికొచ్చే జాగ్రత్త కూడా ఉంది: గుడి వేళలు ముందురోజే కనుక్కోండి. ఈ గుళ్ళన్నీ మధ్యాహ్నం తలుపులు వేస్తారు, పర్వదినాల్లో వేళలు మారతాయి. శ్రీకూర్మంలో మధ్యాహ్నం తలుపులు మూసేలోగా చేరేలా ఈ రోజు ప్రణాళిక వేసుకోవాలి.

నదీస్నానం చేయాలనుకుంటే ఒడ్డున మోకాలి లోతు దాటకండి. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు. స్నానం తర్వాత ఒళ్ళు పూర్తిగా తుడుచుకుని పొడి బట్టలు కట్టుకున్నాకే కదలాలి. తడి పంచెతో, తడి చీరతో నడిస్తే రెండు కిలోమీటర్లలో చర్మం లేచిపోతుంది.

ఈ మొదటి గంట చాలా నెమ్మదిగా నడవండి. పొద్దుటి చల్లగాలికి, ఉత్సాహానికి కాళ్ళు వాటంతట అవే పరుగెత్తుతాయి. ఆ వేగానికి మూల్యం పదింటికి చెల్లించాల్సి వస్తుంది. నామస్మరణ చేసుకుంటూ నడిచేటప్పుడు మాట మధ్యలో ఊపిరి తెగకూడదు. తెగితే వేగం ఎక్కువైనట్టే. బృందంగా వెళ్తే అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. దారి తెలిసినవాళ్ళు ఒకరు చివర ఉండాలి.

అరసవల్లిలో

చెప్పులు విప్పే ముందు ఓ నిమిషం ఆగి పాదాలు ఎలా ఉన్నాయో చూసుకోండి. మడమ వెనక, బొటనవేలి పక్క, అరికాలి ముందు భాగంలో ఎక్కడైనా వేడిగా, ఎర్రగా అనిపిస్తే అది పుట్టబోయే బొబ్బ. దర్శనం అయ్యాక కాలు తుడుచుకుని అక్కడ కాగితపు ప్లాస్టరు మడతలు పడకుండా అంటించండి. మూడు కిలోమీటర్ల దగ్గర చేసే ఈ రెండు నిమిషాల పని మిగతా రోజంతటినీ కాపాడుతుంది.

లోపల నల్లరాతి సూర్యనారాయణమూర్తి రెండు చేతుల్లో పద్మాలతో, ఉషా పద్మినీ ఛాయలతో, ఏడు గుర్రాల రథంతో ఉంటాడు. తూర్పు గంగరాజు దేవేంద్రవర్మ ఈ గుడి కట్టించాడని చెబుతారు. తొందరపడకండి, ఈ రోజు ఇక్కడ గంట గడిపినా పోయేదేమీ లేదు. తర్వాత టిఫిను చేయండి. ఇడ్లీ, ఉప్మా లాంటివి, కడుపు ముప్పావు నిండేలా. పూరీలు, గారెలు తిని నడిస్తే ఎనిమిదిన్నరకల్లా ఆయాసం మొదలవుతుంది. ఏడుం పావుకైనా రోడ్డు మీద ఉండాలి.

వేసవిలోనే వెళ్ళక తప్పనివాళ్ళకు నా సలహా: కోటేశ్వరుణ్ణీ అరసవల్లినీ ముందురోజు సాయంత్రం చూసేసి అక్కడే పడుకోండి. మే నెలలో ఇక్కడ ఐదున్నర లోపే తెల్లారుతుంది. నాలుగింటికి అరసవల్లి నుంచి బయలుదేరితే ఎనిమిదింటికల్లా శ్రీకూర్మం చేరిపోతారు.

సూర్యుడికి ఎదురుగా

అరసవల్లి నుంచి శ్రీకూర్మం తూర్పు ఆగ్నేయంగా ఉంటుంది. ధనుర్మాసం, మాఘమాసాల్లో సూర్యుడు ఉదయించేది కూడా ఆగ్నేయం వైపే. కాబట్టి ఏడు నుంచి తొమ్మిది దాకా ఎండ నేరుగా మొహం మీద కొడుతుంది. ఇప్పుడే దర్శనం చేసుకుని వచ్చిన దేవుడు ఎదురుగా ఉన్నాడనుకుంటే మనసుకు బాగానే ఉంటుంది గానీ కళ్ళు అలిసిపోతాయి, తలనొప్పి పట్టుకుంటుంది. ముందుకు అంచున్న టోపీ పెట్టుకుని, దాని మీద తడిపిన తువ్వాలు వేసుకుని మెడ వెనక్కి వేలాడదీయండి.

ఎదురెండలో మనకు బండ్లు సరిగ్గా కనపడవు. మన వెనక అదే దిక్కుకు వెళ్ళే డ్రైవరుకు మనమూ కనపడం. అందుకే రోడ్డుకు కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ, ఒకరి వెనక ఒకరు నడవాలి. చెవుల్లో పాటలు వద్దు. ఇసుక ట్రాక్టర్లు, ఆటోలు మలుపుల్లో మరీ అంచుకు వస్తాయి, మలుపు దగ్గర రోడ్డు దిగి నిలబడిపోండి. చీకట్లో నడిచేవాళ్ళు లేత రంగు బట్టలు వేసుకోవాలి. టార్చి నేల మీదికే వేయాలి. పొలాల పక్క దారిలో పాములు తిరిగే వేళ అది.

కోతల కాలంలో రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఒక కుటుంబం ఏడాది కష్టం అది, తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి. గోగు చేలున్న ఊళ్ళల్లో నార కోసం కట్టలను చెరువుల్లో ఊరవేస్తారు. ఆ వాసనకు మొహం చిట్లించుకోకండి, అక్కడ పని చేస్తున్నవాళ్ళు చూస్తూ ఉంటారు. మన జిల్లాలో నడిచేవాణ్ణి చూస్తే పలకరించకుండా ఉండరు. “ఏ ఊరు బాబూ మీది? ఎందాకా?” అని అరుగు మీద కూర్చున్న పెద్దాయన అడిగితే ఆగి, “తాతగారూ, శ్రీకూర్మం దాకా” అని చెప్పి వెళ్ళండి. దారి సరైనదో కాదో ఫోను మ్యాపు కంటే ఆయనకే బాగా తెలుసు. ముందు ఏ ఊళ్ళో కుక్కలు మీదికొస్తాయో కూడా చెబుతారు.

కుక్కలు వస్తే పరుగెత్తకూడదు. కర్ర నేలకు ఆనించి నిలబడి, నెమ్మదిగా పక్కకు జరగండి. కరిస్తే, చిన్న గాటే అయినా సరే, సబ్బు రాసి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. పసుపు, కారం పెట్టడం లాంటివి చేయకండి. ఆ రోజుకు యాత్ర అక్కడితో సరి.

గంటకు నాలుగు కిలోమీటర్ల వేగం చాలు. గంట నడిచాక పది నిమిషాలు చెట్టు నీడన ఆగండి. ఆగినప్పుడల్లా చెప్పులు, సాక్సులు విప్పి పాదాలకు గాలి తగలనివ్వాలి. సాక్సులు తడిసిపోతే మార్చి, తడివి సంచికి పిన్నీసుతో తగిలించండి, నడుస్తుండగా ఆరతాయి. పది నిమిషాలు దాటి కూర్చోకండి, కండరాలు బిగుసుకుపోతాయి. పన్నెండు కిలోమీటర్లకు మూడు గంటల నడక, ఆగే సమయాలతో కలిపి మూడున్నర నుంచి నాలుగు గంటలు. పదకొండు, పదకొండుంపావుకు శ్రీకూర్మం.

నీళ్ళు, ఉప్పు, బెల్లం

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకు ఒకసారి నాలుగైదు గుక్కలు తాగండి. ఒక సీసాలో మంచినీళ్ళు, రెండోదాంట్లో ఓఆర్‌ఎస్. ఒక ప్యాకెట్టును దాని మీద రాసిన కొలత నీళ్ళలోనే కలపాలి. ఎక్కువ చిక్కగా కలిపితే మంచి జరగదు సరికదా విరేచనాలు పట్టుకుంటాయి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకు సమంగా గీసి కొలిచి కలపండి. వట్టి నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది.

ఇంట్లో చోడి (రాగి) అంబలి కాచుకుని, మజ్జిగా ఉప్పూ కలిపి సీసాలో తెచ్చుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. పొలానికి వెళ్ళేవాళ్ళు తరతరాలుగా తాగుతున్నది అదే. నీళ్ళూ ఉప్పూ పిండీ మూడూ అందులోనే ఉన్నాయి. అయితే తొమ్మిదిన్నర లోపు తాగేయాలి, ఎండకు పులిసిపోతుంది. వేరుశనగ గుళ్ళు, బెల్లం గుప్పెడు గుప్పెడుగా గంటకోసారి. దారిలో కొబ్బరి బొండాం కనిపిస్తే తాగండి.

మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపు అయితే సరే. ముదురుగా ఉంటే నీళ్ళు చాలట్లేదు. ఆడవాళ్ళు బాత్రూములు లేవని నీళ్ళు తాగడం మానేస్తుంటారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, యాత్రాదారుల్లో ఇన్నేళ్ళకూ ఈ ఏర్పాటు సరిగ్గా లేదు. అరసవల్లి దాటేముందు ఒకసారి వెళ్ళిరండి. దారిలో ఏ ఇంటి దగ్గరైనా ఆగి ఆడవాళ్ళను “అమ్మా” అని పలకరించి అడిగితే కాదనరు. నీళ్ళు మాత్రం మానకండి.

బొబ్బ వస్తే, ఒళ్ళు మొరాయిస్తే

చిన్న బొబ్బను పగలగొట్టవద్దు. చుట్టూ దూది వలయంలా పెట్టి, పైన ప్లాస్టరు వేస్తే ఒత్తిడి పడదు. మరీ పెద్దదై అడుగు వేయలేకపోతే సబ్బుతో కడిగి, మంటలో కాల్చి చల్లార్చిన సూదితో అంచున గుచ్చి నీరు పోనివ్వండి. పైన ఉన్న చర్మం మాత్రం పీకేయకూడదు, లోపలి పచ్చి చర్మానికి అంతకన్నా మంచి కట్టు లేదు. మందు రాసి కట్టు కట్టండి. షుగరు ఉన్నవాళ్ళు సొంతంగా సూది పెట్టకూడదు, డాక్టరుకే చూపించాలి.

మోకాలి నొప్పి అడుగులు చిన్నవి చేస్తే తగ్గుతుంటే నడవచ్చు. ప్రతి అడుగుకూ పెరుగుతుంటే ఆటో ఎక్కండి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కండరాలు పట్టేయడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తిపెట్టి ఓఆర్‌ఎస్ పట్టించాలి. అరగంటలో తేరుకోకపోతే ఆ రోజుకు నడక లేదు. మాట తడబడుతున్నా, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా బట్టలు వదులు చేసి, మెడా చంకలూ గజ్జలూ నీళ్ళతో తడుపుతూ గట్టిగా విసరండి. స్పృహ సరిగ్గా లేని మనిషికి నోట్లో నీళ్ళు పోయకూడదు.

గుండెలో బరువు, ఎడమ చేయి లాగడం, దవడ నొప్పి వస్తే గ్యాసు అనుకుని నడవకండి. అప్పుడూ 108కే. మిగతా దూరం బండిలో వెళ్తే పుణ్యం తగ్గుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

శ్రీకూర్మంలో

చేరగానే నేరుగా గుళ్ళోకి పరుగెత్తవద్దు. అయిదు నిమిషాలు కూర్చుని, నీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కోండి. శ్వేతపుష్కరిణి మెట్లకు పాచి ఉంటుంది, అలసిన కాళ్ళు జారతాయి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగండి. ఇక్కడికి అస్థికలు కలపడానికి, పితృకార్యాలకు వచ్చే కుటుంబాలు రోజూ ఉంటాయి. మన బృందం నడిచి వచ్చిన సంబరంలో ఉంటుంది, వాళ్ళు దుఃఖంలో ఉంటారు. ఒడ్డున నామస్మరణ గొంతు తగ్గించండి.

మూలవిరాట్టు కూర్మరూపం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు. దర్శనం అయ్యాక మండపాల్లో స్తంభాల మీది శాసనాలు చూడకుండా వెళ్ళిపోకండి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఇక్కడిదే. రాతి నేల చల్లగా ఉంటుంది, ఆ స్తంభాల మధ్య నెమ్మదిగా తిరిగితే బిగుసుకున్న పిక్కలు కూడా వదులవుతాయి. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి. అవి చట్టరక్షణ ఉన్న జీవులు. ఎత్తుకుని ఫోటోలు తీసుకోవద్దు, మేత పెట్టాలనిపిస్తే గుడి సిబ్బందిని అడిగి వాళ్ళ చేతికే ఇవ్వండి.

మధ్యాహ్న భోజనం, రాత్రి గది గురించి ముందురోజే ఫోనులో కనుక్కుని ఉండాలి. అన్నదానం ఉంటుందిలే అని నమ్ముకుని రావద్దు. గది దొరకకపోతే బస్సులో గానీ ఆటోలో గానీ శ్రీకాకుళం వెళ్ళి పడుకుని, మర్నాడు తెల్లవారకముందే తిరిగి శ్రీకూర్మం వచ్చి ఆగినచోటు నుంచి మొదలుపెట్టవచ్చు.

భోజనం అయ్యాక చేసే పనుల మీదే రెండో రోజు ఆధారపడి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పది నిమిషాలు మాత్రమే పెట్టండి, ఎక్కువసేపు నానితే చర్మం మెత్తబడి రేపు త్వరగా లేస్తుంది. వేళ్ళ సందులు పొడిగా తుడిచి, ఫోను లైటు వేసి అరికాళ్ళు చూసుకోండి, లేదా పక్కవాళ్ళతో చూపించండి. పిక్కలకు, తొడలకు నువ్వులనూనె రాసి కింద నుంచి పైకి మెత్తగా తోమాలి. గోడకు కాళ్ళు ఆనించి పావుగంట పడుకుంటే వాపు దిగుతుంది. సాక్సులు, బట్టలు ఉతికి ఆరేయండి. సాయంత్రం ఊళ్ళో అరగంట నెమ్మదిగా తిరిగి, ఎనిమిదికి తేలికగా తిని, తొమ్మిదికి పడుకోండి.

రెండో రోజు దారి

మర్నాడు శాలిహుండం వైపు వెళ్ళమంటాను. దూరం మొదటి రోజు కంటే ఎక్కువ కాదు, వంశధార ఒడ్డున గుట్ట మీద బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. ఆ చోటును 1919లో గుర్తించింది గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగం దగ్గరిదే, కాబట్టి మిగతా యాత్ర ఆయన తిరిగిన నేల మీదుగానే సాగుతుంది. శాలిహుండం తర్వాత మడపాం దగ్గర వంతెన మీద వంశధార దాటి, నరసన్నపేట, జలుమూరు మీదుగా ముఖలింగం చేరాలి. ఆ దూరాన్ని రెండు రోజులుగా విడగొట్టుకోండి, నరసన్నపేటలో రాత్రి పడుకోవడానికి లాడ్జీలు దొరుకుతాయి. వంతెన మీద హైవే లారీలు ఉంటాయి కనుక అక్కడికి పూర్తిగా తెల్లారాకే చేరేలా చూసుకోండి. నదిలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి కదా అని అడ్డంగా దిగి దాటవద్దు.

పొద్దున లేవగానే చెప్పులు వేసుకుని గది నుంచి వీధి చివరి దాకా వెళ్ళి రండి. కుంటకుండా నడవగలిగితే సంచి ఎత్తుకోండి. కుంటుతూ ఉంటే ఆ రోజంతా శ్రీకూర్మంలోనే ఆగి, పాదాలు ఆరబెట్టుకుని, ఆ మర్నాడు బయలుదేరండి.